పాత గ్యాస్ ట్యాంకే అసలైన స్మోకర్

హ్యూస్టన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఇళ్లలో వీకెండ్ పార్టీ అంటే పెరట్లో ఏదో ఒక గ్రిల్ ఉండాల్సిందే. మా ఇంట్లో ఉన్నది మాత్రం పాత ప్రొపేన్ ట్యాంకును కోసి, మిగతాదంతా తుక్కు ఇనుముతో వెల్డింగ్ చేసి కట్టిన స్మోకర్, అంటే కట్టెల పొగతో మాంసం వండే పొయ్యి. దాన్ని చూసినవాళ్లు చాలామంది మొదట అడిగేది, "స్టోర్‌లో మంచివి దొరుకుతుంటే ఇంత కష్టం ఎందుకండీ?" అని. అడగడంలో తప్పేం లేదు. కాకపోతే తుక్కుతో చేసుకునేది కొనలేనివాళ్ల ఏర్పాటనీ, అట్టపెట్టెలో కొత్తగా వచ్చేదే అసలు వస్తువనీ అందులో ఒక నమ్మకం ఉంది. స్మోకర్ విషయంలో ఇది పూర్తిగా తలకిందులు. పాత ట్యాంకే మేలైన సరుకు. ఎందుకో తెలియాలంటే ఇనుము మందం, మంట తీరు, గాలి నడక గురించి మాట్లాడుకోవాలి. ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. టెక్సస్‌లో ఎక్కువగా కనిపించే ఈ రకాన్ని ఆఫ్‌సెట్ స్మోకర్ అంటారు. ఇందులో మాంసం మంట మీద కాలదు. ఒక పక్కన ఫైర్‌బాక్స్ అనే ఇనుప పెట్టెలో కట్టెలు మండుతాయి. ఆ సెగ, పొగ అడ్డంగా పడుకోబెట్టిన ట్యాంకు గుండా నడిచి, రెండో చివరన ఉన్న పొగగొట్టంలోంచి బయటికి పోతాయి. దారిలో జాలీ మీద ఉన్న మాంసం 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి మగ్గుతుంది. యంత్రం అంటే ఇంతే. కదిలే భాగాలంటూ తలుపులు తప్ప ఏమీ లేవు.

ఇక ట్యాంకు సంగతి. ఇక్కడ ఊరి బయట ఇళ్లకు చాలాచోట్ల గ్యాస్ పైపులైను ఉండదు. పెరట్లో పెద్ద ప్రొపేన్ ట్యాంకు పెట్టుకుంటే లారీ వచ్చి నింపి వెళుతుంది. 250 గ్యాలన్ల ట్యాంకు అడ్డకొలత 30 అంగుళాలు, పొడవు ఏడున్నర అడుగుల పైన. చదరపు అంగుళానికి 250 పౌండ్ల ఒత్తిడిని తట్టుకునేలా, దశాబ్దాల పాటు ఎండకూ వానకూ బయటే ఉండేలా దాన్ని తయారు చేస్తారు. అందుకే దాని గోడ మందం ఆరు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ప్రతి ట్యాంకు మీదా ఒక లోహపు ప్లేటు ఉంటుంది. ఏ సంవత్సరంలో చేశారు, ఎంత పడుతుంది, గోడ మందం ఎంత, రెండు చివరలనూ మూసే గుండ్రటి డొప్పల మందం ఎంత అన్నీ దాని మీద అచ్చు గుద్ది ఉంటాయి. పాత ఇనుము యార్డుకి వెళ్లినప్పుడు నేను మొదట చదివేది ఆ ప్లేటునే. తుప్పు పట్టి అది చదవడానికి రాకపోతే ఆ ట్యాంకును అక్కడే వదిలేస్తాను.

స్టోర్లలో కొన్ని వందల డాలర్లకు దొరికే ఆఫ్‌సెట్ స్మోకర్ల రేకు రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. చూడ్డానికి రెండూ నల్లగా, గుండ్రంగా ఒకేలా ఉంటాయి. తేడా తెలియాలంటే లెక్క వేయాలి. 250 గ్యాలన్ల ఖాళీ ట్యాంకు సుమారు రెండు వందల కిలోలు తూగుతుంది. కిలో ఇనుము ఒక డిగ్రీ వేడెక్కడానికి అర కిలోజౌల్ కంటే కాస్త తక్కువ శక్తి పడుతుంది. అంటే ఆ ట్యాంకు ఒక్క డిగ్రీ చల్లబడాలంటే దాదాపు వంద కిలోజౌళ్ల వేడిని వదలాలి. అదే సైజులో రెండు మిల్లీమీటర్ల రేకుతో చేసినదైతే అందులో మూడో వంతు వదిలితే చాలు. గాలి విసిరినా, వాన చినుకు పడినా, మాంసం తిప్పడానికి తలుపు తీసినా పల్చటి రేకులో వేడి చూపే ముల్లు గభాల్న పడిపోతుంది, కట్టె వేయగానే మళ్లీ ఎగబాకుతుంది. మందపాటి ట్యాంకు నిదానంగా ఉంటుంది. వేడెక్కడానికి గంట పైనే తీసుకుంటుందన్నది నిజమే, మొదట్లో కట్టెలు ఎక్కువ తింటుంది కూడా. ఒకసారి వేడెక్కాక మాత్రం చిన్నచిన్న ఒడిదొడుకులకు లొంగదు.

ఆరు మిల్లీమీటర్ల రేకుతో కొత్తగా స్మోకర్ చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ వాటి ధర వేలల్లోకి వెళుతుంది, వాళ్లలో చాలామంది మొదలుపెట్టిందీ పాత పైపులతో, పాత ట్యాంకులతోనే. ఆస్టిన్‌లో 2009లో ఒక చిన్న ట్రైలర్‌లో దుకాణం తెరిచి, 2015లో అమెరికా వంటవాళ్లకిచ్చే పెద్ద పురస్కారం జేమ్స్ బియర్డ్ అవార్డు దాకా వెళ్లిన ఆరన్ ఫ్రాంక్లిన్ తన రెస్టారెంట్ కోసం వాడిన స్మోకర్లు వెయ్యి గ్యాలన్ల ప్రొపేన్ ట్యాంకులను కోసి కట్టినవే. డబ్బు లేని రోజుల్లో అలా కట్టాడు, పేరొచ్చాక కూడా ఆ ట్యాంకులనే నమ్ముకున్నాడు.

ఈ అలవాటు ఇక్కడ ఎలా పుట్టిందో చూస్తే ఆశ్చర్యం అనిపించదు. మధ్య టెక్సస్‌లో జర్మన్, చెక్ వలసదారుల మాంసం కొట్లలో ఇటుకలతో కట్టిన పొయ్యిలు ఉండేవి. లాక్‌హార్ట్ ఊళ్లో 1900లో మొదలైన క్రూజ్ మార్కెట్ ఆ పరంపరలోదే. తూర్పు టెక్సస్‌లో బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాల చేతుల్లో ఇంకో పద్ధతి పెరిగింది. 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో విముక్తి ప్రకటన చదివిన రోజును జూన్‌టీన్త్‌గా జరుపుకుంటారు కదా, నేలలో గొయ్యి తవ్వి బార్బెక్యూ చేయడం ఆ వేడుకలో మొదటినుంచీ భాగం. ఇటుక పొయ్యి కదలదు, నేలలో గొయ్యీ కదలదు. చమురు బావులు, రిఫైనరీలు వచ్చాక ఈ గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరమంతా మందపాటి పైపు ముక్కలూ, పనికిరాని ట్యాంకులూ, వాటిని అతకడం బాగా తెలిసిన వెల్డర్లూ పోగయ్యారు. పైప్‌లైన్ మీద పనిచేసే వెల్డర్ ఇంటికొచ్చి మిగిలిన రెండడుగుల పైపుతో ఏం చేస్తాడు? దానికో తలుపు కోసి, ఒక పొగగొట్టం పెట్టి, చక్రాల మీదకెక్కిస్తాడు. హ్యూస్టన్ రోడియోకు (గుర్రాలు, ఎద్దుల పోటీల జాతరకు) ముందు 1974 నుంచి జరుగుతున్న బార్బెక్యూ పోటీకి వెళితే అలా చేతులతో కట్టినవి వరుసగా కనిపిస్తాయి. కొన్నింటి వెల్డింగ్ చూస్తూ ఎంతసేపైనా నిలబడిపోవచ్చు.

నాకు ఈ దృశ్యం కొత్తగా అనిపించలేదు. మాది విజయవాడ. మా బాబాయి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవాడు. అక్కడ పనికిరానిది అంటూ ఏదీ ఉండేది కాదు. విరిగిన ఛాసిస్ ముక్క ఇంకో బండికి బ్రాకెట్ అయ్యేది, పాత కమాన్‌పట్టా ఉలి అయ్యేది. "ఒరేయ్, కొత్త రేకు అందరూ వెల్డింగ్ చేస్తార్రా, పాతదాన్ని అతికినోడే మేస్త్రి" అనేవాడు. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం వెల్డింగ్ క్లాసుకు వెళ్లినప్పుడు ఆయన మాటలే గుర్తొచ్చేవి. తుప్పు, పెయింటు, జిడ్డు పూర్తిగా గీకి మెరిసే లోహం బయటపడే దాకా గ్రైండర్ పట్టకపోతే వెల్డ్‌లో బుడగలు వస్తాయని క్లాసులో మొదట నేర్పింది. షెడ్డులో పిల్లాడిగా చూసిందీ అదే.

ఇప్పుడు మంట గురించి. నా వాదనలో అసలు బలం ఇక్కడే ఉంది.

కట్టె నిజానికి నేరుగా మండదు. ముందు అందులో నీళ్లు ఆవిరైపోతాయి. తర్వాత 200 డిగ్రీలు దాటాక కట్టెలోని పదార్థాలు విడిపోయి వాయువులుగా మారతాయి. మనకు కనిపించే మంట ఆ వాయువులది. కట్టెకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ విరిగినప్పుడు గ్వయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు పుడతాయి. మనం "పొగ వాసన, పొగ రుచి" అనుకునేదాంట్లో పెద్ద భాగం వీటిదే. మంటకు చాలినంత గాలి అందితే ఈ వాయువులు చాలావరకు కాలిపోయి, సన్నటి నీలిపొగ మిగులుతుంది. అందులోని రేణువులు ఎంత చిన్నవంటే నీలిరంగు వెలుతురును చెదరగొడతాయి, ఆ రంగు అందుకే. గాలి తక్కువైతే కట్టె రాజుకోకుండా కుమిలిపోతుంది. అప్పుడు తెల్లగా, దట్టంగా పొగ వస్తుంది. ఆ పొగలోని తారు మాంసం మీద పేరుకుంటే నాలుక చివర మొద్దుబారేంత చేదు. "పొగ వంట నాకు పడదండీ" అనేవాళ్లలో చాలామంది తిన్నది ఈ తెల్లపొగ వంటే అని నా నమ్మకం.

పల్చటి రేకుతో చేసిన చిన్న స్మోకర్‌లో వచ్చే చిక్కు ఇదే. చక్కగా మంట లేచేలా కట్టె మండిస్తే ఆ చిన్న పెట్టె నిమిషాల్లో 180 డిగ్రీలు దాటిపోతుంది. దాన్ని తగ్గించడానికి గాలి రంధ్రం మూస్తారు. మూయగానే మంట చచ్చి తెల్లపొగ మొదలవుతుంది. వాడే మనిషి ఎంత జాగ్రత్తపరుడైనా ఆ డబ్బా అతన్ని అటు ఎక్కువ వేడికో, ఇటు చెడ్డ పొగకో నెడుతుంది. పెద్ద ట్యాంకుకు ఆ ఇబ్బంది లేదు. అంత ఇనుమును, అంత గాలిని వేడిగా ఉంచడానికి నిజమైన మంట కావాలి. గాలి దారి పూర్తిగా తెరిచి, ఎప్పుడూ మంట కనిపించేలా ఉంచినా వేడి 120, 130 దగ్గరే నిలుస్తుంది. ముప్పావు గంటకోసారి మణికట్టు లావు ఎండు కట్టె ఒకటి వేస్తే సరిపోతుంది. మందం వల్ల వచ్చే అసలు లాభం ఇదే. వేడి నిలకడగా ఉండటం మంచిదే, దానికంటే ముఖ్యం మంటను నొక్కాల్సిన అవసరం రాకపోవడం.

మంట స్వేచ్ఛగా మండాలంటే గాలి నడవాలి. ఇందులో మోటారు లేదు, ఫ్యాను లేదు. గాలిని లాగేది పొగగొట్టం ఒక్కటే. అది ఎంత బలంగా లాగుతుందో ఒకసారి లెక్కేశాను. బయట 20 డిగ్రీలు, గొట్టంలో 120 డిగ్రీలు అనుకుందాం. ఘనపు మీటరు గాలి బయట 1.2 కిలోలు తూగితే, లోపల 0.9 కిలోలే తూగుతుంది. మీటరు ఎత్తు గొట్టానికి ఆ తేడా వల్ల వచ్చే ఒత్తిడి మూడు పాస్కల్స్. బల్ల మీద నాలుగు మామూలు ప్రింటర్ కాగితాలు ఒకదాని మీద ఒకటి పెడితే బల్ల మీద పడే భారం ఎంతో, ఇది అంత. మొత్తం స్మోకర్‌ను నడిపే శక్తి అదొక్కటే. హ్యూస్టన్ ఆగస్టు ఎండలో, బయట 38 డిగ్రీలు ఉన్నప్పుడు, అది 2.3కి పడిపోతుంది.

ఈ లెక్క తెలిశాక డిజైన్ గురించి చాలా వాదనలు వాటంతటవే తేలిపోతాయి. అంత సున్నితమైన శక్తితో నడిచే గాలికి దారిలో ఎక్కడ ఇరుకు పెట్టినా అది ఆగిపోతుంది. ఫైర్‌బాక్స్ నుంచి ట్యాంకులోకి వెళ్లే గొంతు పొగగొట్టం కంటే బాగా వెడల్పుగా ఉండాలి. పొగగొట్టం ట్యాంకు నడినెత్తిన మొదలైతే వేడి గాలి మాంసం పైనుంచే జారిపోతుంది. అందుకే చివరి డొప్ప మీద, జాలీ ఎత్తులో రంధ్రం కోసి, అక్కడినుంచి గొట్టాన్ని పైకి తీసుకెళ్లాను. నా ట్యాంకుకు ఆరంగుళాల పైపు వాడాను. గొట్టం మీద మూత పెట్టలేదు. చాలా స్మోకర్లకు మూత ఉంటుంది, దాంతో వేడిని అదుపు చేయమని చెబుతారు. మంటను నొక్కడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదని నా అభిప్రాయం. వాన కోసమైతే స్మోకర్ వాడనప్పుడు పైన ఒక డబ్బా బోర్లిస్తే చాలు.

ఫైర్‌బాక్స్ ఎంత ఉండాలన్న దానికి ఇక్కడి వెల్డర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: ట్యాంకు ఘనపరిమాణంలో మూడో వంతు. గ్యాలన్‌కు 231 ఘనపు అంగుళాలు. 250 గ్యాలన్లకు 57,750. అందులో మూడో వంతు 19,250, అంటే ఒక్కో వైపు 27 అంగుళాల కంటే కొంచెం తక్కువ ఉండే ఘనాకారపు పెట్టె. పావు అంగుళం ప్లేటు చదరపు అడుగుకు పది పౌండ్ల చిల్లర తూగుతుంది కాబట్టి ఆ పెట్టె ఒక్కటే 140 కిలోలవుతుంది. అరవై గ్యాలన్ల ఎయిర్ కంప్రెషర్ ట్యాంకుతో చిన్నది కట్టుకునేవాళ్లకు పదిహేడు అంగుళాల పెట్టె సరిపోతుంది. మొదటిసారి కట్టేవాళ్లకు నేను ఈ సైజే చెబుతాను. ఇద్దరు పట్టి కదిలించగలిగితే వెల్డింగ్ చేసేటప్పుడు తిప్పుకోవడం సులువు.

ఇందులో రెండు పంథాలున్నాయి. నేను చెప్పినట్టు గాలి ఒక వైపు నుంచి ఇంకో వైపుకు వెళ్లే పద్ధతి ఒకటి. ఇంకోదాంట్లో జాలీ కింద ఒక ప్లేటు వేసి, గాలిని ఆ చివరి దాకా పంపి, మళ్లీ వెనక్కి తిప్పి, ఫైర్‌బాక్స్ వైపే ఉన్న గొట్టంలోంచి వదులుతారు. దాన్ని రివర్స్ ఫ్లో అంటారు. వేడి అంతటా సమానంగా ఉంటుందని దాని మద్దతుదారులు అంటారు, అది నిజమే. కానీ మూడు పాస్కల్స్‌తో నడిచే గాలిని అంత దూరం తిప్పడం నాకు నచ్చదు. ఒక వైపు కాస్త వేడి ఎక్కువుంటే దాన్ని నేను కోడి తొడలకు వాడుకుంటాను.

పనిలో అన్నిటికంటే మెళకువ కావాల్సింది తలుపు. ట్యాంకు చేసేటప్పుడు రేకును వంచి వెల్డింగ్ చేస్తారు కాబట్టి లోపల బిగువు ఉండిపోతుంది. నాలుగు వైపులా ఒకేసారి కోసేస్తే ఆ ముక్క స్ప్రింగులా విచ్చుకుని, మళ్లీ అదే రంధ్రంలో సరిగ్గా కూర్చోదు. కాబట్టి బందులు వచ్చే వైపు మాత్రమే ముందు కోయాలి. కోసిన వెంటనే బందులు వెల్డింగ్ చేసేయాలి. ఆ తర్వాతే మిగతా మూడు వైపులూ కోయాలి. కోసే ముందు తలుపు మీద అడ్డంగా ఇనుప పట్టీలు వంచి అక్కడక్కడ చుక్కల్లా వెల్డింగ్ (ట్యాక్) చేసి ఉంచితే వంపు మారదు. తలుపు అంచుల చుట్టూ ఫ్లాట్ పట్టీ అతికితే పొగ లీకు కాదు. చెప్పడానికి నాలుగు వాక్యాలే కానీ, తలుపు మూసినప్పుడు చుట్టూ ఒకే సన్నటి గీత కనిపించేలా చేయడానికి ఓపిక కావాలి. జాలీకి జీఐ (జింకు పూత వేసిన ఇనుము) కాని ఎక్స్‌పాండెడ్ మెటల్, అంటే రేకును చీల్చి సాగదీసి చేసిన జాలీ తీసుకోండి. కొవ్వు కారిపోవడానికి ట్యాంకు అడుగున రెండంగుళాల పైపు పెట్టి, ఆ వైపు కొద్దిగా వాలు ఇవ్వండి. ఇవన్నీ చేయి తిరిగిన ఏ వెల్డరైనా చేసేస్తాడు.

ట్యాంకును మొదటిసారి కోయడం మాత్రం అలాంటి పని కాదు. ఇక్కడ నేను చాలా కచ్చితంగా మాట్లాడతాను.

ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. వాల్వు తెరిచి వదిలేసినంత మాత్రాన అది బయటికి పోదు, అడుగున కూర్చుంటుంది. గాలిలో దాని పాలు 2 శాతం నుంచి తొమ్మిదిన్నర శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. దానికి కలిపే వాసన పదార్థం పాత ట్యాంకు గోడలకు పట్టుకుని ఏళ్ల తర్వాత కూడా కొడుతుంది. వాసన ఉన్నంతమాత్రాన గ్యాస్ ఉన్నట్టు కాదు, లేనంతమాత్రాన లేనట్టూ కాదు. అసలు గ్యాస్‌కు ఆ వాసన కలపడం తప్పనిసరి అయింది టెక్సస్‌లో జరిగిన ఒక ఘోరం వల్లే. 1937 మార్చి 18న న్యూ లండన్ అనే ఊరి స్కూలు కింద సహజవాయువు ఎవరికీ తెలియకుండా పేరుకుని పేలింది. దాదాపు మూడు వందల మంది పోయారు, ఎక్కువమంది పిల్లలు. అప్పటికి ఆ గ్యాస్‌కు వాసన లేదు.

కాబట్టి వాల్వులు ఆరుబయట, నిప్పుకు దూరంగా విప్పాలి. సబ్బునీళ్లతో లోపల కడిగి, ట్యాంకును అంచు దాకా నీళ్లతో నింపాలి. మొదటి కోత నిప్పురవ్వ రాని పద్ధతిలో, నీళ్లు ఇంకా లోపల ఉండగానే పడాలి. గ్యాస్ కటింగ్ ఆ తర్వాతి మాట. ఇందులో ఏ ఒక్కటి అర్థం కాకపోయినా మీరు చేయకండి. ట్యాంకులు కోసి అమ్మే షాపులు ఉన్నాయి, డబ్బిచ్చి కోసిన ట్యాంకే తెచ్చుకోండి. పురుగుమందు డబ్బాలు, రసాయనాల డ్రమ్ములు, ఇదివరకు ఏం పోశారో తెలియని ఏ ట్యాంకూ వంటకు పనికిరాదు, ఎంత కడిగినా సరే. జీఐ పైపును ఫైర్‌బాక్స్ దరిదాపుల్లోకి రానివ్వకండి. అందులోని జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, 907కు ఆవిరవుతుంది. దాన్ని వెల్డింగ్ చేస్తూ ఆ పొగ పీల్చినవాళ్లకు రాత్రి చలిజ్వరం వస్తుందని ఆటోనగర్‌లో కూడా అందరికీ తెలుసు. పాత ట్యాంకు పెయింటులో సీసం ఉండొచ్చు, మాస్కు లేకుండా గ్రైండింగ్ వద్దు. ఇంకో మాట: ఇక్కడ పెరటి ట్యాంకులు చాలావరకు గ్యాస్ కంపెనీ అద్దెకిచ్చినవి. అమ్మేవాడికి నిజంగా అది సొంతమో కాదో కనుక్కోండి.

ఖర్చు గురించి నిజాయితీగా చెప్పాలి. వెల్డింగ్ మెషీను, గ్రైండర్, హెల్మెట్ ఏవీ లేకుండా మొదలుపెడితే ఇది చవక వ్యవహారం కాదు. ట్యాంకు చవకగానే వస్తుంది, ఫైర్‌బాక్స్ ప్లేటుకు బాగా అవుతుంది, డిస్కులకూ తీగకూ అయ్యేది ఎవరూ లెక్కలో వేసుకోరు. చివరికి స్టోర్‌లోని పల్చటి స్మోకర్ ధర దాటిపోవడం ఖాయం. పోల్చాల్సింది దానితో కాదు. ఇదే మందంతో చేసి అమ్మేవాటితో పోల్చండి, అప్పుడు చాలా మిగులుతుంది.

ఇక నా స్నేహితులు ఎక్కువగా కొనేది పెల్లెట్ గ్రిల్. రంపపు పొట్టును నొక్కి చేసిన గుళికలను ఒక స్క్రూ చిన్న గిన్నెలోకి తోస్తుంది, ఫ్యాను గాలి ఊదుతుంది, కంప్యూటరు వేడిని పట్టి ఉంచుతుంది. ఆరెగాన్‌లో జో ట్రేగర్ దీనికి 1986లో పేటెంట్ తీసుకున్నాడు, 2006లో అది ముగిశాక చాలా కంపెనీలు వచ్చాయి. చంటిపిల్లలున్నవాళ్లకు, రాత్రంతా నిద్ర కావాలనుకునేవాళ్లకు అది మంచి వస్తువు. దాని మీద నాకు కోపం లేదు. కానీ ఆ చిన్న గిన్నెలో గుళికలు ఫ్యాను గాలికి మరీ శుభ్రంగా కాలిపోతాయి, కట్టె మంట ఇచ్చే లోతైన రుచి దాంట్లో రాదు. బోర్డు కాలిపోతే కంపెనీ వైపు చూడాల్సిందే. నా స్మోకర్‌లో ఏది చెడినా ఒక వెల్డింగ్ రాడ్డుతో పోతుంది. ఏది ఎందుకు పెట్టానో నాకు తెలుసు కాబట్టి పొగ తెల్లబడితే ఎక్కడ చూడాలో కూడా తెలుసు. కట్టుకోవడంలో నాకు దొరికిన అతి పెద్ద లాభం ఇది. వేడి, గాలి, కట్టె ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో గ్రైండర్ పట్టుకున్నప్పుడే నాకు బాగా అర్థమైంది.

ఒక పెద్దావిడ గురించి ఇక్కడ చెప్పుకోవాలి. లెక్సింగ్టన్ అనే చిన్న ఊళ్లో 2003లో మొదలైన స్నోస్ బార్బెక్యూ శనివారాలు మాత్రమే తెరుస్తారు. 2008లో టెక్సస్ మంత్లీ పత్రిక దాన్ని రాష్ట్రంలోనే మొదటిదిగా ఎంచింది. అక్కడ వంట చూసే టూట్సీ టొమనెట్స్ 1935లో పుట్టింది. ఎనభై దాటాక కూడా ఆవిడ పారతో నిప్పులు ఎత్తి పోస్తూ, ఇనుప పొయ్యిల మధ్య రాత్రి నుంచి పనిచేసేది. వేడి ఎంతుందో చేత్తో చూసి చెప్పగలదని పేరు. అలాంటి తెలివి యాప్‌లోంచి రాదు, మంట దగ్గర నిలబడితేనే వస్తుంది.

మా ఇంట్లో గొడ్డు మాంసం తినరు. టెక్సస్ బార్బెక్యూకు పేరు తెచ్చిన బ్రిస్కెట్‌ను, అంటే గొడ్డు రొమ్ము మాంసాన్ని, నేను వండను. అయినా లోటేం లేదు. ఈ రాష్ట్రం నడిబొడ్డున బ్రేడీ అనే ఊళ్లో 1970ల నుంచి మేక మాంసం బార్బెక్యూకు ప్రపంచ పోటీ జరుగుతోంది. మేక జబ్బకు ఉప్పు, మిరియాలు, కొంచెం గుంటూరు కారం పట్టించి, 120 డిగ్రీల దగ్గర పోస్ట్ ఓక్ అనే ఇక్కడి ఓక్ చెట్టు కట్టెతో పెడతాను. లోపలి వేడి 65, 70 డిగ్రీల దగ్గరకు వచ్చాక గంటల పాటు కదలదు. కొత్తవాళ్లకు అప్పుడే టెన్షన్ మొదలవుతుంది, మంట పెంచేస్తారు. మాంసం నుంచి తేమ ఆవిరవుతూ దాన్ని చల్లబరచడం వల్ల అలా ఆగుతుంది, దానంతట అదే మళ్లీ కదులుతుంది. 93, 95 డిగ్రీల దాకా వెళ్తేనే కండరాల మధ్య పీచు కరిగి జిలాటిన్ అవుతుంది, ఎముక చేత్తో లాగితే ఊడి వస్తుంది.

ఇండియాలో మన దగ్గర కట్టాలనుకునేవాళ్లు అడుగుతుంటారు కాబట్టి అది కూడా చెప్పేస్తాను. ఇంట్లో వాడే 14.2 కిలోల వంటగ్యాస్ సిలిండర్ జోలికి వెళ్లకండి. మీరు కట్టింది డిపాజిట్ మాత్రమే, సిలిండర్ ఆయిల్ కంపెనీది. పైగా దాని రేకు పల్చన. పెద్ద ఊళ్ల తుక్కు మార్కెట్లలో మందపాటి ఎంఎస్ (మామూలు మెత్తటి ఉక్కు) పైపు ముక్కలు దొరుకుతాయి. పద్దెనిమిది, ఇరవై అంగుళాల అడ్డకొలత, ఆరు మిల్లీమీటర్ల గోడ, నాలుగడుగుల పొడవు ఉన్నది ఎంచుకోండి. రెండు చివరలా ప్లేటు మూసి వెల్డింగ్ చేస్తే చాలు.

కట్టెకైతే వెతుక్కోవాల్సిన పనే లేదు. పడమటి టెక్సస్‌లో బార్బెక్యూకు వాడే మెస్కీట్, మన సర్కారు తుమ్మ దగ్గరి చుట్టాలు. సర్కారు తుమ్మ అమెరికా ఖండాల నుంచే వచ్చింది. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు, ఇప్పుడు చెరువు గట్టు నుంచి రైల్వే లైను దాకా అది లేని చోటు లేదు. బాగా వేడిగా మండుతుంది, పొగ ఘాటుగా ఉంటుంది. నరికిన వెంటనే వాడకుండా చీల్చి, ఒక ఎండాకాలం అంతా ఆరనివ్వండి. ముందు విడిగా నిప్పులయ్యేదాకా మండించి, ఆ నిప్పుల మీద సన్నటి కట్టెలు వేస్తూ వెళ్లండి. మొదటిసారి కోడితో మొదలుపెట్టండి. ఘాటు ఎక్కువనిపిస్తే సగం తుమ్మ, సగం ఎండిన మామిడి కలిపి చూడండి.